చిమ్నీల మానిటరింగా, శాటిలైటా? బెజవాడలో ఉండే డెవలపర్‌కి ఏది నయం?

పటమట పైథాన్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. ఇక్కడే ఒక చిన్న కంపెనీలో కోల్డ్ స్టోరేజీలకీ, ఎరువుల షాపులకీ బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తుంటాను. పైథాన్, పోస్ట్‌గ్రెస్ బాగా వచ్చు. సీ షార్ప్ అవసరానికి సరిపోయేంత. పనిలో ఇబ్బందేం లేదు, విసుగే. జీఎస్టీ రేటు మారినప్పుడల్లా అదే ఇన్‌వాయిస్ స్క్రీన్ మళ్లీ విప్పి కూర్చోవడానికి ఇక మనసు రావట్లేదు.

ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లున్నాయి.

ఒకటి ఆటోనగర్‌లో. ఫ్యాక్టరీ చిమ్నీలకి పొగను కొలిచే మిషన్లు బిగించి, ఆ రీడింగులు పొల్యూషన్ బోర్డు సర్వర్‌కి పంపే కంపెనీ. సెమ్స్ అంటున్నారు. డేటా లాగర్ సాఫ్ట్‌వేర్ రాయడానికి, సర్వర్ చూసుకోవడానికి మనిషి కావాలట. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల వైపు, పల్నాడు వైపు అప్పుడప్పుడూ తిరగాల్సి ఉంటుందని ముందే చెప్పారు. చేతికి 45 వేలు.

రెండోది హైదరాబాద్‌లో స్టార్టప్. శాటిలైట్ ఇమేజీలు చూసి పంటల విస్తీర్ణం, దిగుబడి అంచనా వేసి ఇన్సూరెన్స్ కంపెనీలకీ బ్యాంకులకీ ఇస్తారు. 60 వేలు. మొదట కొన్నాళ్లు ఆఫీసుకి రావాలి, ఆ తర్వాత ఇంటి నుంచే చేసుకోవచ్చు అంటున్నారు. ఆ మాట ఆఫర్ లెటర్‌లో మాత్రం లేదు.

నా మనసు రెండోదాని మీదే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా పిన్ని వాళ్లు సింగ్ నగర్‌లో ఉన్నారు. ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల వరద మ్యాపులు పేపర్లో చూసినప్పటి నుంచీ ఆ పిచ్చి పట్టుకుంది. రాత్రిళ్లు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. కానీ మా ఆవిడ ఇక్కడ టీచరు, నాన్న షాపు వన్‌టౌన్‌లో. ఇల్లు కదిలించడం తేలిక కాదు.

ఈ రెండు రంగాల్లో నిజంగా పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, రోజూ పని ఎలా ఉంటుందో చెప్పండి. ఏది మంచి ఫ్యూచర్ అన్న మాట పక్కన పెట్టినా పర్లేదు.

కొండపల్లి బొమ్మ

తమ్ముడూ, నేను చాలా ఏళ్లు చిమ్నీల చుట్టూ తిరిగి, ఇప్పుడు శాటిలైట్ డేటా మీద బతుకుతున్నాను. రెండిళ్ల ఉప్పూ తిన్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు ఆటోనగర్ సంగతి. డేటా లాగర్ అనగానే మిషన్ నుంచి నంబరు చదివి, డేటాబేస్‌లో వేసి, సర్వర్‌కి తోసేయడం అనిపిస్తుంది. ఆ కోడు నువ్వు వారంలో రాసేస్తావు. మిషన్లు మాట్లాడే మోడ్‌బస్ ప్రోటోకాల్‌లో రిజిస్టర్లు చదవడం బ్రహ్మవిద్యేం కాదు. అసలు పని, ఆ నంబరు నమ్మొచ్చా లేదా తేల్చడం.

ఎస్‌ఓ2నే, అంటే సల్ఫర్ డయాక్సైడ్‌నే తీసుకో. చాలా చోట్ల చిమ్నీలోంచి గ్యాసుని సన్నటి గొట్టంలో కిందున్న ఎనలైజర్ దాకా లాగుతారు. ఆ గొట్టం దారి పొడుగునా వేడిగా ఉండాలి. ఎక్కడో ఒకచోట హీటర్ పోయిందనుకో, పొగలోని ఆవిరి నీరవుతుంది, ఎస్‌ఓ2 ఆ నీళ్లలో కరిగిపోతుంది. ఎనలైజర్‌కి చేరేసరికి రీడింగు తగ్గుతుంది. స్క్రీన్ మీద అంతా పచ్చరంగే. రీడింగు తగ్గితే ఫ్యాక్టరీలో ఎవరికీ బాధ ఉండదు, కాబట్టి ఎవరూ ఫోన్ చేయరు. పెరిగితే మాత్రం మీ మిషన్ చెడిపోయిందని అర్ధరాత్రైనా ఫోన్ వస్తుంది. గొట్టం టెంపరేచర్‌ని కూడా ఎస్‌ఓ2 పక్కనే రికార్డు చేసి, అది పడిపోయినప్పుడు ఆ పదిహేను నిమిషాల సగటు మీద ఫ్లాగ్ వేసే సాఫ్ట్‌వేర్ కావాలి. అది రాయాలంటే కనీసం ఒక్కసారైనా ఆ గొట్టాన్ని కళ్లతో చూసి ఉండాలి.

ఆక్సిజన్ లెక్క ఇంకోటి. బొగ్గు ప్లాంటుల్లో రీడింగుని 6 శాతం ఆక్సిజన్‌కి సరిచేసి చూపించాలి. ఎనలైజర్ ఘనపు మీటరుకి 400 మిల్లీగ్రాములు చూపిస్తోంది, పొగలో ఆక్సిజన్ 9 శాతం ఉంది అనుకుందాం. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం కదా. 21లోంచి 6 పోతే 15. 21లోంచి 9 పోతే 12. 400ని 15తో గుణించి 12తో భాగిస్తే 500. బయటి గాలి కలిసి పొగ పలచబడితే ముడి రీడింగు అందంగా కనపడుతుంది, ఈ లెక్క దాన్ని మళ్లీ దారికి తెస్తుంది. మరి ఆక్సిజన్ సెన్సరే తప్పు చెబితే? ముడి విలువ, ఆక్సిజన్, సరిచేసిన విలువ మూడూ విడివిడిగా దాచని సాఫ్ట్‌వేర్లు నేను చూశాను. చివరి నంబరు ఒక్కటే ఉంటుంది. ఏడాది తర్వాత ఎవరైనా వచ్చి ఇదెలా వచ్చిందంటే చూపించడానికి ఏమీ ఉండదు.

డస్ట్ మీటర్ మరీ తమాషా. అది మిల్లీగ్రాములు కొలవదు. చిమ్నీకి అడ్డంగా వేసిన వెలుతురు ఎంత తగ్గిందో, ఎంత చెదిరిందో కొలుస్తుంది. మనిషి పైకెక్కి, ఫిల్టర్ మీద దుమ్ము పట్టి, తూకం వేసి తెచ్చిన నంబర్లతో దాన్ని జతచేస్తేనే మిల్లీగ్రాములు వస్తాయి. బొగ్గు మారితే బూడిద రేణువులు మారతాయి, ఆ జత చెదురుతుంది. కాబట్టి కాలిబ్రేషన్ ఫ్యాక్టర్‌కి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది డేటాబేస్‌లో ఉండి తీరాలి. నీ జీఎస్టీ రేట్ల టేబుల్‌లో చేసేది అదే కదా. లిమిట్లూ అంతే. 2015 డిసెంబరు రూల్స్ ప్రకారం థర్మల్ ప్లాంటుల్లో దుమ్ముకి 2003 చివరికి ముందు పెట్టిన యూనిట్లకి 100 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 2016 దాకా పెట్టినవాటికి 50, 2017 నుంచి పెట్టినవాటికి 30. మన ఇబ్రహీంపట్నంలోనే 210 మెగావాట్ల పాత యూనిట్లున్నాయి, 500ది ఉంది, 2023లో వచ్చిన 800ది ఉంది. ఒకే గేటు, మూడు లిమిట్లు. ఎస్‌ఓ2 రూల్స్ అయితే 2025 జూలైలో చాలా ప్లాంట్లకి సడలించారు. కోడ్‌లో నంబరు రాసి పెట్టినవాడు ఆ వారమంతా ఇంటికి వెళ్లి ఉండడు. బిల్లింగ్ విసుగంటున్నావు గానీ, అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ నిన్ను నిలబెడుతుంది.

ఈ పని రూల్ మీద బతుకుతుంది, అది మాత్రం గుర్తుంచుకో. 2014 ఫిబ్రవరిలో కేంద్ర పొల్యూషన్ బోర్డు (సీపీసీబీ) 17 రకాల పరిశ్రమలకి ఆన్‌లైన్ మానిటరింగ్ పెట్టమన్నది కాబట్టే ఈ కంపెనీలన్నీ పుట్టాయి. కస్టమర్‌కి మన మిషన్ మీద ప్రేమ ఏమీ ఉండదు, నోటీసు రాకుండా ఉంటే చాలు. సూరత్‌లో 2019 నుంచి ఫ్యాక్టరీలు దుమ్ము వదిలే పర్మిట్లని కొనుక్కుని అమ్ముకునే ట్రేడింగ్ మొదలుపెట్టారు, అక్కడ ఈ రీడింగే డబ్బు. అలాంటి చోట నంబరు విలువే వేరు. మన దగ్గర ఇంకా ఆ వాతావరణం రాలేదు.

ఇక శాటిలైట్. చిమ్నీ నుంచి వచ్చేదాన్ని పైనుంచి చూడొచ్చు కదా అని నీకు అనిపించి ఉంటుంది, నాకూ అనిపించింది. యూరప్ వాళ్ల సెంటినెల్-5పీ ఉపగ్రహంలో ట్రోపోమీ అనే పరికరం ఎన్‌ఓ2, అంటే నైట్రోజన్ డయాక్సైడ్‌ని చూస్తుంది. దాని ఒక్కో పిక్సెల్ దాదాపు 5.5 బై 3.5 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం మీద ఒక పిక్సెల్ పడితే అందులో ప్లాంటు, రింగు సెంటర్, హైదరాబాద్ హైవే మీద లారీలు అన్నీ కలిసే వస్తాయి. పైగా అది చెప్పేది నేల నుంచి పైదాకా గాలిలో మొత్తం ఎంత ఉందని. చిమ్నీ మూతి దగ్గర ఎన్ని మిల్లీగ్రాములో చెప్పదు. గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో తెలియకపోతే ఆ రెంటికీ పొంతన కుదరదు. అదీ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒక్క చూపు. రాత్రి రెండింటికి ఎవరు ఏం వదిలారో దానికి తెలియదు. మబ్బుంటే అదీ లేదు. అలాగని పనికిరాదనడం లేదు. ఎవరూ మిషన్ పెట్టని చోట, ఎవరూ లోపలికి రానివ్వని చోట అదొక్కటే దిక్కు. మీథేన్ లీకులు పట్టుకునేవాళ్లు ఇప్పుడు ఈ దారిలోనే ఉన్నారు.

నా మాట ఇది. ఆటోనగర్‌లో చేరు. ఎందుకంటే సెంటినెల్ డేటా ఉచితం. అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉపగ్రహాల డేటా 2008 నుంచి ఉచితం. రిమోట్ సెన్సింగ్, అంటే దూరం నుంచి కొలవడం నేర్పే డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉచితమే. పటమటలో మీ ఇంట్లో కూర్చుని రిమోట్ సెన్సింగ్ ఎంతైనా నేర్చుకోవచ్చు. చిమ్నీని ఇంటికి తెచ్చుకోలేవు. ఎనలైజర్ ముందు నిలబడి, ఎంత గాఢతో ముందే తెలిసిన స్పాన్ గ్యాస్ సిలిండర్ తిప్పి, రీడింగు మెల్లగా పైకెక్కి ఆగాల్సిన చోట ఆగకపోవడం చూసే అవకాశం ఉద్యోగమైతేనే దొరుకుతుంది. తర్వాత శాటిలైట్ వైపు వెళ్లినా, నేల మీద కొలత ఎలా తప్పుతుందో తెలిసినవాళ్లు అక్కడ తక్కువ. నాకు పని దొరికింది ఆ ఒక్క కారణంతోనే.

లబ్బీపేట లాజిక్

బొమ్మ గారితో నేను ఏకీభవించను. ఆయన చెప్పిన ఫ్లాగులూ ఆడిట్ లాగులూ మంచి కంపెనీలో. మామూలు చోట నీకు ఇచ్చే పని, మిషన్ డేటా వచ్చే ఆర్‌ఎస్-485 వైరు ఎలక కొరికిందా, సిమ్‌లో డేటా అయిపోయిందా, ఫ్యాక్టరీలో రూటర్ ఎవరు ఆఫ్ చేశారు, ఇంతే. మిషన్ ప్రోటోకాల్ జర్మనీ కంపెనీదో జపాన్ కంపెనీదో, మాన్యువల్ ఇవ్వరు. రెండేళ్లయ్యాక రెజ్యూమేలో రాసుకోవడానికి బయటివాళ్లకి అర్థమయ్యే ముక్క ఒక్కటీ ఉండదు. శాటిలైట్ వైపు నేర్చుకునేది, అంటే రాస్టరియో, ఎక్స్‌ఎర్రే లాంటి పైథాన్ లైబ్రరీలు, క్లౌడ్‌లో పెద్ద ఫైళ్లు ముక్కలుగా చదవడం, ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. నెలకి 15 వేలు తేడా అంటే ఏడాదికి లక్షా ఎనభై. హైదరాబాద్ అద్దె పోగా కూడా ఆలోచించాల్సిందే.

బ్రాడీపేట మ్యాపులు

నేను గుంటూరు నుంచి. పంటల మ్యాపింగ్‌లోనే ఉన్నాను, కాబట్టి రెండో ఆఫర్ ఎలా ఉంటుందో చెబుతాను. ఏది ఎంచుకోవాలన్నది మీ ఇంటి విషయం, అందులో వేలు పెట్టను.

మీరు క్యూజీఐఎస్‌లో చూస్తున్నది మబ్బు లేని ఇమేజీ అయి ఉంటుంది. అందరూ దానితోనే మొదలుపెడతారు. సెంటినెల్-2 రెండు ఉపగ్రహాలతో ఐదు రోజులకోసారి మన మీదుగా వెళ్తుంది, 10 మీటర్ల పిక్సెల్, వినడానికి బాగుంటుంది. జూలై, ఆగస్టులో డెల్టాలో నాట్లు పడే సమయానికి తెరిచి చూడండి. తెల్లటి మబ్బు, దాని నీడ, మళ్లీ మబ్బు. మాకు అసలు కావాల్సింది ఆ నెలలే. అందుకే రాడార్ మీద ఆధారపడతాం. సెంటినెల్-1కి మబ్బు అడ్డం కాదు. దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడి రాడార్‌లో నల్లగా కనపడుతుంది, వరి పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. ఆ నలుపు నుంచి తెలుపుకి మారే తీరు చూసే ఇది వరి, నాటు ఫలానా వారంలో పడింది అని చెబుతాం. 2025 జూలైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉపగ్రహం నైసార్ కూడా రాడారే, కాబట్టి రాడార్ నేర్చుకున్నవాళ్లకి పని పెరుగుతుందనే నా నమ్మకం.

వరి తేలిక. మా జిల్లాల్లో తలనొప్పంతా మిర్చి, పత్తి. రెండూ ఖరీఫ్‌లోనే, ఒకే గట్టుకి అటూ ఇటూ, అర ఎకరం, ఎకరం ముక్కల్లో. అక్టోబరులో పైనుంచి రెండూ ఒకటే ఆకుపచ్చ. మోడల్ 90 శాతం కరెక్టు అని ల్యాప్‌టాప్ చెబుతుంది. ప్రత్తిపాడు వైపు వెళ్లి చూస్తే మిర్చి అన్న చోట పత్తి ఉంటుంది, మధ్యలో కంది సాలు కూడా ఉంటుంది. అప్పుడు ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని పొలాల వెంట తిరగాలి. రైతు మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "రీసర్వే వాళ్లా మీరు?" కాదండీ, పంట చూస్తున్నామంటే, "ఈ-క్రాప్‌లో ఆల్రెడీ రాసుకెళ్లారుగా, మళ్లీ ఎందుకు?" అంటారు. భూమి కొలవడానికి రాలేదని నమ్మించాకే మిగతా మాట. నేను ఒక్కదాన్నే వెళ్లిన రోజుల్లో అయితే ముందు ఊళ్లో ఎవరింటికో వెళ్లి మంచినీళ్లు అడిగి, వాళ్ల ఆడవాళ్లతో మాట్లాడి, అప్పుడు పొలానికి వెళ్లేదాన్ని. కాబట్టి శాటిలైట్ అంటే ఏసీ గదిలో పని అనుకోకండి.

పంటల బీమాలో 2023 ఖరీఫ్ నుంచి యస్-టెక్ పేరుతో దిగుబడి అంచనాకి శాటిలైట్ లెక్క కూడా కలుపుతున్నారు, వరి, గోధుమలతో మొదలుపెట్టారు. మీ స్టార్టప్ చేసేది అలాంటిదే అయి ఉండొచ్చు. అంటే మీ పిక్సెల్ తప్పయితే ఒక ఊరికి రావాల్సిన పరిహారం తగ్గుతుంది. బొమ్మ గారు నంబరు నమ్మకం గురించి చెప్పినదంతా ఇక్కడా ఉంటుంది. కాకపోతే అక్కడ అర్ధరాత్రైనా ఫోన్ చేసే ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడ నష్టపోయిన రైతుకి మీ ఫోన్ నంబరు తెలియదు.

సింగ్ నగర్ మ్యాపుల మాట ఎత్తారు కాబట్టి ఒక్క ముక్క. ఆ తేదీల సెంటినెల్-1 డేటా దొరికితే తెరిచి చూడండి. పొలాల్లో నీళ్లు నల్లగా ఉంటాయి. వీధుల్లో నీళ్లు మాత్రం నల్లగా ఉండాలని లేదు. రాడార్ తరంగం నీటి మీద పడి, అక్కడి నుంచి గోడకి తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి కొన్ని వీధులు మామూలు కంటే తెల్లగా మెరుస్తాయి. నలుపంతా వరద అని ఒక్క గీత గీసి మ్యాప్ చేస్తే మీ పిన్నిగారి వీధి అందులో ఉండకపోవచ్చు. ముందు తేదీ ఇమేజీతో పోల్చి ఆ తెలుపుని పట్టుకోవడం ప్రయత్నించండి. మీకు ఈ పని నచ్చుతుందో లేదో ఆ ఒక్క ప్రయత్నంతో తెలిసిపోతుంది.

పటమట పైథాన్

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. అక్కా, మీరు చెప్పిన సెంటినెల్-1 పని శనివారం రాత్రి మొదలుపెట్టాను. అజిత్ సింగ్ నగర్ వైపు కొన్ని వీధులు నిజంగానే తెల్లగా కనపడుతున్నాయి, కానీ అది నీళ్ల వల్లో, బిల్డింగుల వల్లో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

హైదరాబాద్ వాళ్లకి మెయిల్ పెట్టాను, ఇంటి నుంచి పని అన్నది లెటర్‌లో రాసిమ్మని. "పాలసీ ప్రకారం చూస్తాం" అని జవాబొచ్చింది. మా ఆవిడ అది చదివి నవ్వింది.

బొమ్మ అన్నా, ఆటోనగర్ వాళ్లు సోమవారం మళ్లీ రమ్మన్నారు. లాజిక్ గారు చెప్పినట్టు అది వైర్లు చూసుకునే ఉద్యోగమా, మీరు చెప్పినట్టు అసలు పనా అన్నది ముందే ఎలా కనిపెట్టాలి?

కొండపల్లి బొమ్మ

లాజిక్ గారు చెప్పిన ఎలకలు నిజమే, కాదనను. జగ్గయ్యపేట దగ్గర ముక్త్యాలలో ఒక షెడ్డులో నేనూ చూశాను. వైరు కొరికేస్తే ఎన్‌ఓఎక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) రీడింగు సున్నా అయింది. ఫ్యాక్టరీలో ఎవరికీ అనుమానం రాలేదు.

సోమవారం వెళ్లినప్పుడు జీతం గురించి తర్వాత మాట్లాడు. ముందు వాళ్ల పాత డేటా ఒక నెలది తెరిచి చూపించమను, ఏ ఫ్యాక్టరీదైనా సరే, పేరు దాచేసి అయినా. ఒకే విలువ గంటల తరబడి కదలకుండా ఉందేమో చూడు. చిమ్నీలో పొగ అలా ఉండదు, నంబరు ఎప్పుడూ కాస్త ఊగుతుంది. గీత గీసినట్టుంటే సెన్సర్ ఇరుక్కుపోయింది, లేదా ఎవరో దాని మీద కూర్చున్నారు. అలాంటి చోట వాళ్ల సాఫ్ట్‌వేర్ ఏ ఫ్లాగ్ వేసిందో అడుగు. సీపీసీబీ 85 శాతం డేటా రావాలంటుంది. ఆ 85 లెక్కలో పాడైన గంటలు కలుపుతారా, తీసేస్తారా అని కూడా అడుగు.

తర్వాత ఇది అడుగు: ఒక రీడింగుని మెయింటెనెన్స్ అని మార్చాలంటే ఎవరు మార్చగలరు, మార్చినవాడి పేరు, టైము, కారణం ఎక్కడ రాసి ఉంటాయి? లాగ్ తెరిచి చూపిస్తే చేరిపో, 45 వేలైనా పర్లేదు, ఏడాదిలో పెంచమను. "కస్టమర్ ఫోన్ చేస్తే మన ఇంజనీరు చూసుకుంటాడు" అని నీళ్లు నమిలితే టీ తాగేసి బయటికి వచ్చెయ్. అప్పుడు హైదరాబాద్ బస్సు చార్జీ ఎంతో లెక్కేసుకుందాం.